ఆఫ్ డ్యూటీలో ఇద్దరు నర్సులు

నర్సుల అలసట మాట ఎత్తగానే మన ఆసుపత్రుల్లో వినిపించే సలహాలు దాదాపు ఒక్కలాగే ఉంటాయి. వేళకు తిను, బాగా నిద్రపో, కాస్త ధ్యానం చెయ్యి, ఆఫ్ రోజున పిల్లల్ని తీసుకుని ఎటైనా వెళ్ళిరా. చెడ్డ సలహాలు కావు. కానీ వరసగా నైట్లు చేసి, ఆఖరి రోజు పొద్దున రిలీవర్ రాక మధ్యాహ్నం దాకా వార్డులోనే నిలబడిపోయిన స్టాఫ్ నర్సుకు ఇవి చెప్పడం అన్యాయమనిపిస్తుంది. సెలవును ఎలా వాడుకోవాలన్న ప్రశ్నకు ముందు, ఆ సెలవు ఎక్కడ తయారవుతుందన్న ప్రశ్న ఒకటుంది. నూట అరవై ఏళ్ళ కిందటే రెండు పుస్తకాలు ఆ ప్రశ్నను చేతికి తీసుకున్నాయి. ఒకటి ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859లో రాసిన ‘నోట్స్ ఆన్ నర్సింగ్’. రెండోది అమెరికా రచయిత్రి లూయిసా మే ఆల్కాట్ 1863లో వెలువరించిన ‘హాస్పిటల్ స్కెచెస్’. మొదటిదాంట్లో ‘పెటీ మేనేజ్‌మెంట్’ అనే మూడో అధ్యాయాన్ని, రెండోదాంట్లో ‘ఆఫ్ డ్యూటీ’ అనే అధ్యాయాన్ని పక్కపక్కన పెట్టుకుని చదవాలి. ఒకదాంట్లో లేనిది రెండోదాంట్లో దొరుకుతుంది.

ఈ పుస్తకాల పుట్టుకలు వేరు. నైటింగేల్ తన పుస్తకాన్ని ఆసుపత్రి నర్సుల పాఠ్యగ్రంథంగా రాయలేదు. ఇంట్లో జబ్బుమనిషి బాధ్యత నెత్తిన పడే ఆడవాళ్ళ కోసం రాశానని ముందుమాటలోనే చెప్పుకుంది. అయితే రాసింది మామూలు గృహిణి కాదు. 1854 నవంబరులో 38 మంది నర్సులతో స్కుటారి సైనిక ఆసుపత్రికి చేరి, క్రిమియా యుద్ధం ముగిసేదాకా అక్కడి కంపునీ చావునీ చూసిన మనిషి. ఆల్కాట్ అనుభవం అంత పెద్దది కాదు. 1862 డిసెంబరులో, ముప్పై ఏళ్ళ వయసులో, అంతర్యుద్ధంలో గాయపడ్డ సైనికులకు మూడు నెలలు సేవ చేస్తానని ఒప్పుకుని జార్జ్‌టౌన్‌లోని యూనియన్ హోటల్ హాస్పిటల్‌కు వెళ్ళింది. ఆరు వారాలకే టైఫాయిడ్‌తో ఇల్లు చేరింది. అక్కడినుంచి ఇంటికి రాసిన ఉత్తరాలను మలిచి, ట్రిబ్యులేషన్ పెరివింకిల్ అనే నర్సు చెబుతున్నట్టుగా బోస్టన్ పత్రిక ‘కామన్‌వెల్త్’లో ప్రచురించింది. అదే పుస్తకమైంది. ‘లిటిల్ విమెన్’ రావడానికి ఇంకా ఐదేళ్ళుంది.

ముందు నైటింగేల్ మాట. గాలి, వెలుతురు, శుభ్రత, తిండి గురించి ఎంత జాగ్రత్త పడినా, ఒక్క లోపం ఉంటే అదంతా నీళ్ళపాలేనంటుంది ఆమె. నువ్వు ఉన్నప్పుడు జరిగే పని నువ్వు లేనప్పుడు కూడా జరిగేలా ఏర్పాటు చేయలేకపోవడమే ఆ లోపం. సోమవారం రోగికి ఎంత అవసరమో మంగళవారం కూడా గాలి అంతే అవసరం. మంగళవారం నువ్వు ఉండవు. మరి ఏం చేశావు? అధ్యాయమంతా ఈ ఒక్క ప్రశ్ననే తిప్పి తిప్పి అడుగుతుంది. ఎంత అంకితభావం ఉన్న నర్సైనా ఎప్పుడూ రోగి పక్కనే ఉండలేదని, అలా ఉండడం మంచిది కూడా కాదని స్పష్టంగా చెబుతుంది. ఆరోగ్యాన్నీ మిగతా బాధ్యతలన్నీ వదులుకుని పనిచేసిన మనిషి, ఏర్పాటు చేయడం తెలియక, అందులో సగం అంకితభావం కూడా లేని మరో మనిషి కన్నా తక్కువ ఉపయోగపడవచ్చని కూడా అంటుంది. నర్సింగ్ అంటే త్యాగం అని పాఠాలు చెప్పే మనకు ఈ మాట ఇప్పటికీ మింగుడు పడదు. ఏటా మే 12న ఆమె పుట్టినరోజు పేరిట నర్సుల దినోత్సవం జరిపి, దీపం పట్టుకున్న దేవత బొమ్మకు దండ వేస్తాం. ఆ బొమ్మ చేతిలో దీపమే ఉంది. ఆమె పుస్తకంలో ఉన్నది డ్యూటీ రోస్టర్.

ఆ అధ్యాయంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచే భాగం ఒకటుంది. తాము లేకపోతే ఏదీ నడవదని, తమ లెక్కలూ బీరువాలూ తమకు తప్ప ఎవరికీ అర్థం కావని గర్వపడేవాళ్ళను నైటింగేల్ మందలిస్తుంది. సామాన్లూ పుస్తకాలూ ఎవరు వచ్చి తెరిచినా అర్థమయ్యేలా పెట్టుకోవడమే గర్వపడాల్సిన సంగతి అంటుంది. జబ్బు చేసినా, ఊరెళ్ళినా, అంతా ఇంకొకరి చేతిలో పెట్టి, తన కొరత ఎవరికీ తెలియకుండా పని సాగిపోతుందన్న నమ్మకంతో వెళ్ళగలగాలని ఆమె కోరిక. మన వార్డుల్లో దీన్ని పోల్చుకోవడం కష్టం కాదు. ఆఫ్‌లో ఉన్న సిస్టర్ ఫోను మోగుతుంది. నార్కోటిక్స్ బీరువా తాళం ఎవరి దగ్గరుంది, మొన్నటి ఇండెంట్ పుస్తకం ఎక్కడ పెట్టారు, ఫలానా బెడ్ పేషెంటుకు కల్చర్ రిపోర్టు వచ్చిందా అని. వార్డు గ్రూపులో మెసేజ్ పడుతుంది, చూడకుండా ఉండలేదు. ఆమె ఇంట్లో ఉంది, కానీ సెలవులో లేదు. ఇది ఆమె మనసు బలహీనత కాదు, వార్డులో రాతపూర్వకంగా ఉండాల్సినవి ఒకరి తలలో మాత్రమే ఉండిపోవడం. హ్యాండ్ ఓవర్ పుస్తకం సరిగ్గా నింపడాన్ని మనం చాకిరీగా చూస్తాం. నిజానికి రేపటి సెలవు అక్కడే రాయబడుతోంది.

ఇప్పుడు ఆల్కాట్ వైపు చూద్దాం. హోటల్‌ను ఆసుపత్రిగా మార్చిన ఆ భవనానికి ఆమె పెట్టిన పేరు హర్లీ-బర్లీ హౌస్. గందరగోళాలయం అనుకోవచ్చు. ఆమె నైట్ నర్సు. తెల్లవారుజామున ఇంకో నర్సు వచ్చి విడుదల చేస్తుంది. వార్డు మొత్తానికి వంతులు వేసుకున్న ఇద్దరే. వచ్చిన కొత్తలో ఈ బతుకు ఆమెకు నచ్చింది కూడా. పగలు సగం నిద్ర, సగం వాషింగ్టన్ తిరగడం, రాత్రంతా మంచాల మధ్య. వార్డులోని గదులకు ‘పని గది’, ‘సంతోషపు గది’, ‘విషాదపు గది’ అని తనే పేర్లు పెట్టుకుని, ఒకదాంట్లో గుండె బరువైతే ఇంకోదాంట్లో తేలిక చేసుకునేది. డ్యూటీ లోపలే విశ్రాంతి వెతుక్కున్న తెలివి అది. ఈ చిన్న ఏర్పాటు పక్కన మన ఒత్తిడి నివారణ వర్క్‌షాపులు వెలవెలబోతాయి.

‘ఆఫ్ డ్యూటీ’ అధ్యాయం డాక్టరు హెచ్చరికతో మొదలవుతుంది. కొన్నాళ్ళు వెచ్చగా, కుదురుగా ఉండకపోతే నువ్వే మంచాన పడతావంటాడు. వార్డును ఆ రెండో నర్సు ఒంటరిగా చూసుకుంటుందని, ఆల్కాట్ తిరిగి లేచాక ఆమె సెలవు తీసుకుంటుందని కూడా చెబుతాడు. ఈ వాక్యం మీద ఆగాలి. చాలామంది పాఠకులు దీన్ని దయగా చదువుతారు. నాకు ఇందులో ఆ ఆసుపత్రి పతనమంతా కనిపిస్తుంది. ఇద్దరు నర్సుల వార్డులో ఒకరి జబ్బు రెండోవాళ్ళ నెత్తిన పగలూ రాత్రీ పడుతోంది. రెండోవాళ్ళ సెలవు మొదటివాళ్ళు లేవడం మీద ఆధారపడింది. ఇద్దరికీ మూడో మనిషి లేదు. మంగళవారం ఏమవుతుందన్న నైటింగేల్ ప్రశ్నను ఆ భవనంలో ఎవరూ అడగలేదు. మన జిల్లా ఆసుపత్రుల్లో డబుల్ డ్యూటీ అని పిలిచేది ఇదే. ఒకరు సీఎల్ పెడితే పక్కవాళ్ళ ముఖం చూడలేక సంజాయిషీ చెప్పుకునే పరిస్థితికి మూలం ఇదే.

సెలవు దొరికిన మొదటి రోజుల్లో ఆల్కాట్ ఎక్కడికి వెళ్ళిందన్నది నాకు చాలా ఆసక్తి కలిగించే విషయం. కాపిటల్ భవనం చూసింది. సభ జరగని సెనేట్ హాలులో, బానిసత్వాన్ని ఎదిరించిన సెనేటర్ సమ్నర్ కుర్చీలో కూర్చుంది. ఆ కాసేపూ ఆమె నర్సు కాదు. ఆ కుర్చీలో కూర్చుని ఊహల్లోకి వెళ్ళిపోయింది. ఆ కాసేపే అధ్యాయంలో అచ్చమైన సెలవు. అదే రోజుల్లో ఇంకోసారి వెళ్ళింది మరో ఆసుపత్రికి. ఆర్మరీ హాస్పిటల్. వార్డులు పొడవుగా, శుభ్రంగా, గాలి ఆడుతూ ఉన్నాయి. చివర నర్సుకు గది. కాళ్ళ కింద చాప, పక్కన నిండుగా మందుల పెట్టె, చెప్పిన పని చేసే శిక్షణ పొందిన సహాయకులు. తెల్ల ఏప్రన్ కట్టుకున్న నర్సు తన చోటులోనే కూర్చుని చదువుకుంటోంది. ఆల్కాట్ ఆ దృశ్యాన్ని చూసి తన హర్లీ-బర్లీకి దిగులుపడుతుంది. అక్కడ పద్ధతి ఉంది, ఇక్కడ గందరగోళమూ చెడ్డ నిర్వహణే, పెత్తనం తీసుకునే తల ఒక్కటి కూడా కనబడదు అన్న భావం ఆ పేరాలో కోపంగా పలుకుతుంది.

ఇక్కడ ఇద్దరు రచయిత్రులూ ఒకే చోటికి చేరుకున్నారు. నైటింగేల్ సూత్రంగా చెప్పినదాన్ని ఆల్కాట్ కళ్ళతో చూసింది. డ్యూటీలో పుస్తకం చదువుకునే నర్సు సోమరి కాదు, బాగా నడిచే వార్డుకు సాక్ష్యం. మన సూపర్‌వైజర్లు రౌండ్‌కు వచ్చినప్పుడు కూర్చున్న నర్సు ఉలిక్కిపడి లేచి నిలబడుతుంది. ఆ అలవాటు పోవాలంటే ఈ పేరా నర్సింగ్ కాలేజీల్లో గట్టిగా చదివించాలి.

అయితే ఆల్కాట్ సెలవులో ఇంకో ఆసుపత్రికి వెళ్ళడాన్ని మాత్రం నేను మెచ్చుకోలేను. రచయిత్రిగా ఆమెకు అది అవసరమైంది. నర్సుగా ఆమెకు అది విశ్రాంతి కాదు. జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త సబీన్ సొనెన్‌టాగ్, సహ పరిశోధకురాలు షార్లెట్ ఫ్రిట్జ్‌తో కలిసి, పని తర్వాత కోలుకోవడంలో నాలుగు సంగతులను వేరుచేసి 2007లో ప్రచురించింది. పనినుంచి మనసు విడివడడం, ఒళ్ళు సడలడం, ఏదైనా కొత్తది నేర్చుకోవడం, ఆ సమయం తన చేతిలో ఉందన్న భావం. సమ్నర్ కుర్చీలో మొదటిది దొరికింది. ఆర్మరీలో అది దొరకలేదు.

ఆ తర్వాత జ్వరం ముదిరి ఆమె గదికే పరిమితమైంది. అద్దాలు పగిలిన కిటికీలు, చలి, బయటి వీధి. ఆ కిటికీ దగ్గర కూర్చుని ఆమె కంచరగాడిదలను చూస్తుంది. ఒక్కోదాని స్వభావాన్ని మనుషుల స్వభావంలా వర్గీకరించి రాస్తుంది. పందులను, అంబులెన్సులను చూస్తుంది. అధ్యాయంలో అతి చురుకైన వచనం ఇదే. మంచం పట్టిన మనిషి కన్ను ఏ కాస్త మార్పునైనా ఎంత ఆబగా పట్టుకుంటుందో ఇక్కడ తెలుస్తుంది. నైటింగేల్ పుస్తకంలో దీనికి జంటగా ఒక అధ్యాయముంది, ‘వెరైటీ’. క్రిమియాలో జ్వరంతో గుడిసెలో పడుకున్నప్పుడు కిటికీలోంచి ఏమీ కనిపించక, గోడ చెక్కల్లోని ముడులే దృశ్యమైన రోగుల బాధను ఆమె రాసింది. తనకు ఎవరో అడవిపూల గుత్తి పంపితే ఆ క్షణంనుంచి తేరుకోవడం వేగంగా సాగిందని కూడా చెప్పింది. ఆమెకు పూలు, ఈమెకు కంచరగాడిదలు. కానీ నైటింగేల్ ఈ జ్ఞానాన్ని రోగికి మాత్రమే వర్తింపజేసింది. నర్సులు రోజులో ఎన్నోసార్లు తమ పనిని మార్చుకుంటారు, రోగి మాత్రం ఒకే గోడ చూస్తూ పడుకోవాలా అని మందలించింది. పగలంతా అవే మంచాలు, అవే మానిటర్ శబ్దాలు చూసే నేటి ఐసీయూ నర్సు కన్నుకు కూడా మార్పు కావాలన్న ఆలోచన ఆమె పుటల్లో లేదు. ఆ లోటును పూరించేది ఆల్కాట్. నర్సుకు కూడా కాళ్ళు నొస్తాయి, చలేస్తుంది, తిండి సయించదు, నవ్వొస్తుంది అని చెప్పిన పుస్తకం ఆమెది. నైటింగేల్ నర్సు ఒక కన్నూ ఒక సంకల్పమూ మాత్రమే, దేహం లేదు. నా దృష్టిలో ఆ గొప్ప గ్రంథానికి ఇదే పెద్ద లోపం.

ఆల్కాట్‌కూ లోపముంది. హాస్యం. హాస్యం మంచిదే, కానీ ఆమె దానితో ప్రమాదాన్ని కప్పేసుకుంది. చుట్టూ ఉన్నవాళ్ళంతా ఇక ఉండొద్దు అంటున్నా, ఉంటాను అని మొండిగా నిలబడింది. మూడు నెలలు కాకముందే వెళ్ళిపోవడం ఓటమిని ఒప్పుకోవడమని భావించింది. చివరికి తండ్రి వచ్చి ఇంటికి రమ్మంటే, తన సైనిక బిడ్డలకు ద్రోహం చేస్తున్నట్టు గుండె కలుక్కుమంటూనే సరే అంది. ఆ అపరాధ భావం ప్రతి నర్సూ ఎరిగినదే. ఆమె వెళ్ళిపోవడానికి ముందురోజు, 1863 జనవరి 20న, అదే ఆసుపత్రి మేట్రన్ హానా రోప్స్ జ్వరంతో చనిపోయింది. ఆ ఇంట్లో జబ్బు ఒక వ్యక్తి దౌర్బల్యం కాదనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. అయినా ఆల్కాట్ తన పడిపోవడాన్ని చాలావరకు తన కథగానే చెబుతుంది. గందరగోళాన్ని ఆర్మరీ పక్కన పెట్టి అంత పదునుగా విమర్శించిన కలం, తన జ్వరం దగ్గరికి వచ్చేసరికి మెత్తబడిపోయింది.

ఆ తర్వాత వాళ్ళిద్దరి జీవితాలు. ఆల్కాట్‌కు టైఫాయిడ్‌కు కాలోమెల్ అనే పాదరసపు మందు ఇచ్చారు. తన ఆరోగ్యం మళ్ళీ మునుపటిలా కాకపోవడానికి అదే కారణమని ఆమె నమ్మింది. 1888లో 55 ఏళ్ళకు చనిపోయింది. నైటింగేల్‌కు 1855లో క్రిమియాలో వచ్చిన జ్వరం బ్రూసెల్లోసిస్ అయ్యుంటుందని తర్వాతి వైద్యుల అంచనా. 1857 తర్వాత చాలా ఏళ్ళు ఎక్కువగా గదిలోనే గడిపింది. అక్కడినుంచే పనిచేసింది. సైన్యం ఆరోగ్యం, ఆసుపత్రుల నిర్మాణం, భారతదేశపు పారిశుధ్యం. ఈ దేశానికి ఎప్పుడూ రాకుండానే, ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్ నీటిపారుదల వాదానికి లండన్‌నుంచి గట్టి మద్దతుగా నిలిచింది. గోదావరి డెల్టాలో బతికిన మనం దానికి కృతజ్ఞత చెప్పుకోవాలి. కానీ విమర్శకులుగా ఒక సంగతి ఒప్పుకోవాలి. తన కొరత తెలియకుండా వెళ్ళిపోవడం గురించి అంత గొప్పగా రాసిన మనిషి ఎప్పుడూ వెళ్ళలేదు. ఆమె జీవితాన్ని కాదు, ఆమె అధ్యాయాన్నే నర్సులకు ఆదర్శంగా చూపాలి.

ఈ రెండు అధ్యాయాల్లోనూ లేనిది ఒకటుంది, లెక్క. ఒక్కో నర్సు ఎందరిని చూడగలదు? నైటింగేల్ అధ్యాయంలో బాధ్యతంతా ఇన్‌చార్జ్ ఆలోచన మీదే ఉంది. వార్డు ఆలోచనతోనే నడుస్తుందా? నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం అమెరికాలోని పెన్సిల్వేనియాలో 168 ఆసుపత్రులను పరిశీలించి 2002లో ప్రచురించిన అధ్యయనంలో, నర్సుకు ఒక్కో రోగి పెరిగినకొద్దీ ఆమె బర్న్‌అవుట్‌కు, అంటే పని ఒత్తిడితో పూర్తిగా డస్సిపోవడానికి, లోనయ్యే అవకాశం 23 శాతం పెరిగింది. శస్త్రచికిత్స చేయించుకున్న రోగి ముప్పై రోజుల్లోపు చనిపోయే అవకాశం 7 శాతం పెరిగింది. కాలిఫోర్నియా 1999లో నర్సు-రోగి నిష్పత్తుల మీద చట్టం చేసి 2004నుంచి అమలులో పెట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్న్‌అవుట్‌ను జబ్బుగా కాక, పనిచోటునుంచి పుట్టే స్థితిగా నమోదు చేసింది. నైటింగేల్ దేశంలో ఇప్పుడు ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌లో చేరిన నర్సుకు మొదటి ఏడాదే 27 రోజుల సెలవు, ఆ పైన 8 పబ్లిక్ హాలిడేలు ఉన్నాయి.

మన దగ్గర కూడా రాతలో తక్కువేమీ లేదు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ బోధనాసుపత్రుల్లో ముగ్గురు రోగులకు ఒక నర్సు, మిగతాచోట్ల ఐదుగురికి ఒకరు ఉండాలని, ఆపై 30 శాతం మందిని సెలవుల కోసమే అదనంగా ఉంచాలని ప్రమాణం పెట్టింది. ఆ 30 శాతమే హర్లీ-బర్లీలో లేని మూడో మనిషి. రాత్రి ఒక్క స్టాఫ్ నర్సు మీద నిండు వార్డు వదిలే చోట ఆ మనిషి ఇప్పటికీ లేదు.

ఆ మనిషి ఉన్నా, సెలవు రోజు ఇంటి దగ్గర ఇంకో షిఫ్టు కాచుకుని ఉంటుంది. మగవాళ్ళ కన్నా ఆడవాళ్ళకే ఎక్కువ. నైట్ దిగి వచ్చిన మనిషికి వంట, ఉతుకుడు, పిల్లల స్కూలు. చుట్టాల్లో ఎవరికి ఇంజెక్షన్ కావాలన్నా, బీపీ చూడాలన్నా “నువ్వు నర్సువే కదమ్మా” అని పిలుపు. ఆ రోజు నిద్రకు, తనకు ఇష్టమైన ఒక్క పనికి ఇంటివాళ్ళు చోటు ఇవ్వాలి. అది భజన కావచ్చు, కుట్టుపని కావచ్చు, ఊరి చెరువు గట్టు మీద నడక కావచ్చు, ఏమీ చేయకుండా కిటికీ దగ్గర కూర్చోవడం కావచ్చు. ఆసుపత్రి వాసన లేని చోటు కావాలి, అంతే.

నా తీర్పు ఇది. ఉద్యోగంలో కొత్తగా చేరిన నర్సు ముందు ఆల్కాట్‌ను చదవాలి. తన దేహం ఇచ్చే హెచ్చరికలను, ‘ఇంకో రెండు వారాలు’ అనే మొండితనాన్ని అక్కడ గుర్తుపడుతుంది. హెడ్ నర్సు, నర్సింగ్ సూపరింటెండెంట్, ఆసుపత్రి నడిపేవాళ్ళు నైటింగేల్‌నే చదవాలి. వచ్చే నెల రోస్టర్ రాసే ముందు, మంగళవారం ఫలానా సిస్టర్ లేకపోతే వార్డులో ఏం జరుగుతుందో కాగితం మీద రాసుకుని, జవాబు లేని చోట ఇంకో పోస్టు అడగాలి.